ఆరు గీతల ‘హావ్’: ఒక చైనీస్ అక్షరాన్ని చేతికీ నోటికీ పట్టించుకోవడం ఎలా

చైనీస్ నేర్చుకుందామని సరదాపడి, మూడో రోజుకే పుస్తకం మూసేసినవాళ్ళు చాలామందే ఉంటారు. నేనూ ఒకసారి మూసేశాను. భయపెట్టేది అంకెలే. 2013లో చైనా ప్రభుత్వం విడుదల చేసిన ప్రామాణిక అక్షరాల పట్టికలో 8,105 అక్షరాలున్నాయి. అందులో నిత్యం వాడేవి అంటూ పెట్టిన మొదటి వర్గంలోనే 3,500. మన యాభై ఆరు అక్షరాలు దిద్దడానికే పలక అరిగిపోయిన వాళ్ళకి ఈ లెక్క చూస్తే టెన్షన్ రాకుండా ఎలా ఉంటుంది?

రెండోసారి మొదలుపెట్టినప్పుడు పద్ధతి మార్చాను. వంద అక్షరాలు పైపైన చూసే బదులు ఒక్కదాన్ని పట్టుకుని దాని అంతు చూడాలనుకున్నాను. రాయడం, పలకడం, ఎక్కడెక్కడ ఎలా వాడతారో తెలుసుకోవడం, ఫోన్‌లో టైప్ చేయడం, అన్నీ. ఆ అక్షరం ‘హావ్’. చైనీస్ ఒక్క ముక్క రానివాళ్ళకి కూడా తెలిసిన “నీ హావ్” అనే పలకరింపులో రెండోది. అర్థం: బాగు, మంచి.

దీన్నే ఎంచుకోవడానికి కారణాలున్నాయి. గీతలు ఆరే. అది రెండు చిన్న అక్షరాలు పక్కపక్కన చేరి ఏర్పడినది కాబట్టి ఒకటి నేర్చుకుంటే మూడు వచ్చినట్టు. చైనాలో సరళం చేసిన లిపికీ, తైవాన్, హాంకాంగ్‌లలో వాడే పాత లిపికీ చాలా అక్షరాల్లో తేడా ఉంటుంది గానీ దీనికి లేదు. జపాన్‌లో కూడా ఇదే రూపం. వీటన్నిటికన్నా నన్ను పట్టేసింది ఇంకొకటి: ఈ అక్షరం వాక్యంలో అచ్చం మన ‘బాగు’లా ప్రవర్తిస్తుంది. ఇంగ్లీష్ ‘గుడ్’ని మనసులో పెట్టుకుంటే అడుగడుగునా తట్టుకుంటాం, ‘బాగు’ని పెట్టుకుంటే సగం వ్యాకరణం దానంతటదే వచ్చేస్తుంది. అదెలాగో ముందు ముందు చూద్దాం.

ఒక మాట ముందే చెప్పాలి. ఇక్కడ ఆ అక్షరాన్ని కావాలనే అచ్చు వేయడం లేదు. బొమ్మ కనిపిస్తే కన్ను దాన్ని బొమ్మగానే చూస్తుంది, చేయి ముగ్గు దించినట్టు దించేస్తుంది. నాకు మొదట జరిగింది అదే. చైనీస్ అక్షరం అంటే బొమ్మ కాదు, చేతి కదలికల వరుస. అందుకే మాటల్లో చెప్తాను, మీరు గీయండి. ఆరో గీత అయ్యాక నిఘంటువు తెరిచి పోల్చుకోండి.

కాగితం సిద్ధం చేసుకోవడం

చైనా బడుల్లో పిల్లలు చతురస్రపు గడుల్లో రాస్తారు. ఒక్కో గడిని నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత నాలుగు భాగాలు చేస్తాయి. చూడడానికి ‘పొలం’ అనే అక్షరంలా ఉంటుందని దాన్ని పొలం గడి అంటారు. మూలల్లో నుంచి మరో రెండు గీతలు కూడా ఉంటే ‘బియ్యం’ అక్షరంలా ఉంటుందని బియ్యం గడి అంటారు. పొలం, బియ్యం! మన దగ్గర అయితే పిల్లల లెక్కల గళ్ళ పుస్తకం చాలు. పక్కపక్కవి రెండు, వాటి కింద రెండు, మొత్తం నాలుగు గళ్ళు కలిపి పెన్సిల్‌తో చుట్టూ గీయండి. లోపలి గీతలే పొలం గడి గీతలవుతాయి. పెన్ ఏదైనా పర్లేదు. కుంచె, సిరా ఇప్పుడే కొనొద్దు, అది వేరే విద్య.

గడి ఎందుకంటే, మన రాత అలవాటు దీనికి పూర్తిగా వేరు. తెలుగులో అక్షరం పైన గుడి కట్టుకోవచ్చు, కింద ఒత్తు దింపుకోవచ్చు, పక్కకి సాగొచ్చు. ‘స్త్రీ’ రాసి చూడండి, ఎంత చోటు కావాలో! చైనీస్‌లో ఒక గీత ఉన్న అక్షరానికైనా ఇరవై గీతలున్నదానికైనా అదే గడి. లోపల సర్దుకోవాల్సిందే.

ముందు నోటితో

రాసేముందు పలకడం రావాలి. ఎందుకంటే రాసిన ప్రతిసారీ పైకి అనుకుంటూ రాయాలి.

‘హ’ మనదానికన్నా కొంచెం గరుకు, గొంతు వెనక నుంచి, ‘ఖ’ వైపు ఒరుగుతుంది. చివర నేను ‘వ్’ అని రాస్తున్నాను గానీ పంటితో పెదవి తాకించకూడదు. ‘హా’ అంటూ పెదాలు గుండ్రంగా చుట్టేయడమే.

ఇక స్వరం. చైనా ప్రామాణిక భాషలో నాలుగు స్వరాలు. ఒకటోది పైన నిలకడగా సాగుతుంది. రెండోది, ఫోన్‌లో సరిగా వినపడనప్పుడు “ఆఁ?” అంటామే, అలా పైకి లేస్తుంది. మూడోది కిందికి దిగి, విడిగా అంటే చివర్లో కాస్త లేస్తుంది. నాలుగోది పిల్లాణ్ణి “పో!” అని కసిరినట్టు పైనుంచి కిందికి టప్పున పడుతుంది. మన ‘హావ్’ది మూడో స్వరం. మాటల మధ్యలో వచ్చినప్పుడు ఆ చివరి లేవడం కూడా ఉండదు, గొంతు కిందికి దించి అక్కడే ఉంచితే చాలు. క్లాసుల్లో దించి లేపి, దించి లేపి ఊయల ఊగినట్టు చెప్పిస్తారు, నిజంగా మాట్లాడేటప్పుడు అంత నాటకం ఎవరూ ఆడరు.

ఒక నియమం మాత్రం తప్పదు: మూడో స్వరం మాటలు రెండు పక్కపక్కన వస్తే మొదటిది రెండో స్వరంగా మారుతుంది. ‘నీ’ కూడా మూడో స్వరమే. కాబట్టి “నీ హావ్” అన్నప్పుడు ‘నీ’ పైకి లేస్తుంది, ‘హావ్’ కిందికి దిగుతుంది. రాతలో మార్పేమీ ఉండదు, మార్పంతా నోట్లోనే. మన సంధిలాంటిదే అనుకోండి, కాకపోతే అక్షరం కాక రాగం మారుతుంది.

ఆరు గీతలు

ఎడమవైపు ‘న్యు’, అంటే స్త్రీ. (‘నీ’ అంటూ నాలుక కదలకుండా పెదాలు మాత్రం ‘ఊ’కి చుట్టండి, శబ్దం వచ్చేస్తుంది.) కుడివైపు బిడ్డ అనే అక్షరం. దాని ఉచ్చారణకి మన దగ్గర ఒక వరం ఉంది: ‘చాలు’, ‘చలి’ అనేటప్పుడు నాలుక పళ్ళకి తగిలే దంత్య చ. ఆ చ తర్వాత అచ్చేమీ పలక్కుండా, పళ్ళు దగ్గరగా ఉంచి తుమ్మెద గుంయ్‌మన్నట్టు సాగదీస్తే అదే. ఇంగ్లీష్ వాళ్ళు నెలల తరబడి తంటాలు పడే శబ్దం ఇది.

ఇప్పుడు గడిలోకి వద్దాం. ఎడమ సగం స్త్రీకి, కుడి సగం బిడ్డకి.

మొదటి గీత. ఎడమ సగంలో పై అంచుకి దగ్గరగా, నడి నిలువు గీత వైపు కొంచెం జరిగి పెన్ పెట్టండి. ఏటవాలుగా ఎడమకి కిందికి రండి. గడి నడిమి అడ్డగీత కాస్త దాటాక పెన్ ఎత్తకుండా మలుపు తిప్పి కుడికి కిందికి వెళ్ళి ఆగండి. మడిచిన మోచెయ్యిలా ఉండాలి, మోచేతి ఎముక ఎడమవైపు. ఇక్కడే మన చేయి మోసం చేస్తుంది. తెలుగు రాసి రాసి మలుపు కనిపిస్తే చాలు గుండ్రంగా తిప్పేస్తుంది. నా మొదటి పేజీ నిండా ఈ గీత సగం సున్నాలాగే వచ్చింది. మలుపు దగ్గర ఒక్క క్షణం పెన్ ఆపి దిక్కు మార్చండి. ఆ ఆగడమే మూలని ఇస్తుంది.

రెండో గీత. మొదటి గీతకి కుడివైపు, దానికన్నా కొంచెం కిందుగా, నడి నిలువు గీతని ఆనీ ఆనకుండా మొదలుపెట్టి ఏటవాలుగా ఎడమకి కిందికి లాగండి. దారిలో మొదటి గీత కింది చేతిని దాటుకుంటూ వెళ్ళి ఎడమ కింది మూల వైపు సన్నగా ముగియాలి. చివర్లో పెన్ బరువు తగ్గించి గాల్లోకి తేల్చేయండి.

మూడో గీత. ఎడమ అంచు దగ్గర మొదలై కుడికి అడ్డంగా పోతుంది. మొదటి గీత పై చేతిని దాటి, సరిగ్గా రెండో గీత తల దగ్గర ఆగుతుంది. రెండు విషయాలు గుర్తు పెట్టుకోండి. ఇది పూర్తి అడ్డం కాదు, కుడివైపు కొంచెం లేవాలి. రెండో గీతని దాటి అవతలికి పొడుచుకు రాకూడదు. స్త్రీ అక్షరాన్ని విడిగా రాసినప్పుడు ఈ అడ్డగీత రెండువైపులా బారుగా చేతులు చాస్తుంది. పక్కన బిడ్డకి చోటివ్వాలి కాబట్టి ఇక్కడ కుడి చెయ్యి ముడుచుకుంటుంది. రాసింది సరిగా వచ్చిందో లేదో చూసుకోవడానికి ఒక గుర్తు: మూడు గీతల మధ్య చిన్న గాలిపటంలాంటి ఖాళీ కనపడాలి. కనపడలేదంటే ఏదో ఒక గీత దాటాల్సిన చోట దాటలేదు.

ఈ మూడింటి వరుస మర్చిపోకుండా ఉండడానికి జపాన్ వాళ్ళ మాట ఒకటి పనికొస్తుంది. ఆడ నింజాని వాళ్ళు ‘కునోఇచి’ అంటారు. స్త్రీ అక్షరాన్ని గీతలుగా విడగొడితే మొదటిది వాళ్ళ ‘కు’ అక్షరంలా, రెండోది ‘నో’లా, మూడోది ‘ఇచి’ అంటే ఒకటి అంకెలా ఉంటాయి, మాట అలా పుట్టిందని చెప్పుకుంటారు. కు, నో, ఇచి. మోచెయ్యి, ఏటవాలు, అడ్డం.

నాలుగో గీత. కుడి సగంలో పైన. చిన్న అడ్డగీత కుడికి గీసి, పెన్ ఎత్తకుండా పదునుగా మలిపి ఎడమకి కిందికి దించండి. తోక కురచ చేసిన 7 అంకెలా ఉంటుంది. తోక కొస కుడి సగానికి నట్టనడుమ ఆగాలి.

ఐదో గీత. ఆ తోక కొస నుంచే మొదలు. నిటారుగా కిందికి, కానీ కర్రలా బిగుసుకుపోకుండా కుడివైపు లేశమాత్రం పొట్ట వచ్చేలా. అడుగు అంచుకి కొంచెం పైన ఆగి, ఎడమకి పైకి చిన్న కొక్కెం చిమ్మండి. ఆగకుండా చిమ్మితే కొక్కెం కాదు, గాలం అవుతుంది.

ఆరో గీత. బిడ్డ చాచిన చేతులు. నడి అడ్డగీత దరిదాపుల్లో, స్త్రీ పక్కనే మొదలై, ఐదో గీతని దాటి కుడి అంచు దాకా. బిడ్డ భాగంలో పొడవైన అడ్డగీత ఇదే.

చైనీస్ రాత నియమాలు చదివినవాళ్ళకి ఇక్కడ సందేహం రావాలి. ముందు అడ్డం, తర్వాత నిలువు అని కదా మొదటి పాఠం? నిజమే. కానీ ఈ రెండు భాగాల్లోనూ అడ్డగీతే ఆఖరిది. నియమాల జాబితా కన్నా అక్షరం చెప్పినమాట వినడం మంచిదని నాకు ఇక్కడే అర్థమైంది.

నేను రాసిన ‘స్త్రీ’

ఒక ఆన్‌లైన్ క్లాసులో హోంవర్క్‌గా “ఈ టీ చాలా బాగుంది” అని రాసి ఫొటో తీసి పంపాను. టీచర్ నవ్వు బొమ్మ పెట్టి, “ఈ టీ చాలా స్త్రీ” అని జవాబిచ్చారు. నాకు ఎక్కడ తప్పో తెలియలేదు. ఆరు గీతలూ ఉన్నాయి, వరుసా సరిగ్గానే ఉంది. తర్వాత తెలిసింది, రెండు భాగాల మధ్య ఖాళీ వదిలేశాను. ఆ రెండు అక్షరాల్ని విడివిడిగా రాస్తే ‘న్యు’, ‘బిడ్డ’ కలిసి ‘మహిళ’ అనే వేరే మాట. ఒకే గడిలో ఒదిగితేనే ‘బాగు’.

అప్పటినుంచి నేను పాటించే కొలత: ఆరో గీత ఎడమ కొసకీ, స్త్రీ భాగానికీ మధ్య పెన్ను మొన పట్టేంత సందు. తగలకూడదు, దూరం కాకూడదు. రెండు భాగాల్లో ఏదీ గడి సగానికన్నా ఎక్కువ తీసుకోకూడదు. మొదట్లో ఎడమది పెద్దదిగా వచ్చి కుడిది మూలకి నక్కుతుంది, అందరికీ అంతే. ఎడమదాన్ని సన్నగా, పొడుగ్గా రాయడం అలవాటైతే సర్దుకుంటుంది.

తల్లీబిడ్డల కథ ఎంతవరకు నమ్మాలి

తల్లి పక్కన బిడ్డ ఉంటే ‘బాగు’ అని ఏ పుస్తకం తెరిచినా చెప్తారు. గుర్తుంచుకోవడానికి ఇంతకన్నా మంచి కథ లేదు, వాడుకోండి. మూడు వేల ఏళ్ళనాటి తాబేటి డిప్పల మీద, ఎముకల మీద ఉన్న రాతల్లో మోకాళ్ళ మీద కూర్చున్న స్త్రీ, ఆమె పక్కన బిడ్డ స్పష్టంగానే కనిపిస్తారు. బిడ్డ ఒక్కోసారి ఎడమవైపు, ఒక్కోసారి కుడివైపు. కానీ క్రీ.శ. 100 ప్రాంతంలో షు షెన్ కూర్చిన ప్రాచీన నిఘంటువు దీనికి ఇచ్చిన అర్థం ‘అందం’. మంచి అన్నది దానిలోంచి విస్తరించిన అర్థం అంటారు.

ఈ అక్షరం పేరులో ఉన్న ఒక రాణి కూడా ఉంది. ఫు హావ్. షాంగ్ వంశపు రాజు వు దింగ్ భార్య, స్వయంగా సైన్యాన్ని నడిపిన మనిషి. హెనాన్ రాష్ట్రంలోని ఆన్‌యాంగ్ దగ్గర 1976లో ఆమె సమాధి బయటపడింది, దొంగల చెయ్యి పడకుండా. అందులోని కంచు పాత్రల మీద ఆమె పేరు ఉంది. మనం గళ్ళ పుస్తకంలో దిద్దుతున్న గీతలకి అంత వయసు.

వాడుక: ‘బాగు’ని వెంట తీసుకెళ్ళండి

పలకరింపుతో మొదలుపెడదాం. “నీ హావ్” సమవయస్కులకి. పెద్దవాళ్ళకి, కొత్తవాళ్ళకి “నిన్ హావ్”, ఇది మన ‘మీరు’. ఒకటి గమనించండి, మనకి ‘మీరు’ గౌరవానికీ పనికొస్తుంది, పదిమందికీ పనికొస్తుంది. వాళ్ళకి అలా కాదు. పదిమంది ఉంటే “నీ మన్ హావ్” అనాలి. టీచర్ లోపలికి రాగానే పిల్లలు “లావ్ షి హావ్” అంటారు, అంటే ఎవరిని పలకరిస్తున్నారో ఆ మాట పెట్టి చివర హావ్ తగిలించడమే. రోజూ కలిసే ఇరుగుపొరుగు మాత్రం “నీ హావ్” అని పెద్దగా అనుకోరు. “తిన్నావా?” అనడం వాళ్ళ పాత అలవాటు. మనకి కొత్తేం కాదు.

ఇప్పుడు వాక్యం. “అతను మంచివాడు” అనడానికి ఇంగ్లీష్ దారిలో వెళ్ళేవాళ్ళు ‘ఈజ్’ కోసం వెతికి, చైనీస్‌లో దానికి సమానమైన ‘షి’ని తెచ్చి మధ్యలో ఇరికిస్తారు. అక్కడే తప్పు. “అతను మంచివాడు” అనే మన వాక్యంలో క్రియ ఉందా? లేదు. వాళ్ళకీ అక్కర్లేదు. “థా హన్ హావ్”, అంతే. ‘హన్’ అంటే ‘చాలా’, కానీ ఇక్కడ ఆ అర్థం అరిగిపోయి కేవలం వాక్యం నిలబడడానికి ఉంటుంది. ‘హన్’ కూడా మూడో స్వరం, కాబట్టి ఇందాకటి సంధి ఇక్కడా వర్తిస్తుంది. కాదనడానికి ‘పు’. రోమన్ లిపిలో దీన్ని ‘బి’ అక్షరంతో రాస్తారు కాబట్టి అందరూ ‘బు’ అంటారు. అసలు శబ్దం ఒత్తులేని మన ‘ప’కి దగ్గర. “పు హావ్”, బాగోలేదు. “హావ్ పు హావ్?”, బాగుందా బాగోలేదా, సరేనా కాదా. “వస్తావా రావా” అన్నట్టే.

‘హావ్’ని క్రియ ముందు పెడితే ఆ పనికి బాగుందని అర్థం. “హావ్ ఛి”, తినడానికి బాగుంది, రుచిగా ఉంది. “హావ్ ఖాన్”, చూడ్డానికి బాగుంది. “హావ్ థింగ్”, వినసొంపుగా ఉంది. తాగేవాటికి “హావ్ హ”. టీ బాగుందనడానికి “హావ్ ఛి” అంటే నవ్వుతారు, టీ తినం కదా.

ఒప్పుకోవడం దగ్గరికి వస్తే ఇదే అక్షరం ‘సరే’ అవుతుంది, చివర తగిలే చిన్న శబ్దాన్ని బట్టి మూడ్ మారిపోతుంది. “హావ్ త”, సరే, అలాగే. “హావ్ ఆ”, ఓ, తప్పకుండా! “హావ్ ప”, సరేలే, నీ ఇష్టం. మన ‘సరే’కీ ‘సరేలే’కీ ఎంత తేడా ఉందో ‘హావ్ త’కీ ‘హావ్ ప’కీ అంత తేడా. పెద్దవాళ్ళు చెప్పిన పనికి “హావ్ ప” అన్నారంటే మొహం చిట్లించినట్టే.

ఇక నాకు బాగా నచ్చిన చోటు. మనం పాడైన ఫ్యాన్‌ని ‘బాగుచేస్తాం’. జ్వరం వచ్చిన పిల్లాడు ‘బాగయ్యాడు’ అంటాం. వాళ్ళూ సరిగ్గా అంతే: ‘శ్యూ’ అంటే మరమ్మతు, “శ్యూ హావ్ ల” అంటే బాగైపోయింది. జబ్బు మాట పక్కన “హావ్ ల” పెడితే నయమైంది. అక్కణ్ణుంచి అర్థం ఇంకో మెట్టు ఎక్కి, ఏ పనైనా సరిగ్గా పూర్తయిందని చెప్పడానికి క్రియ వెనకాల చేరుతుంది. “ఛి హావ్ ల”, తినడం అయింది. “చున్ పెయ్ హావ్ ల”, అన్నీ సిద్ధం. ఒట్టి “హావ్ ల” అంటే ‘అయిపోయింది’, లేదా అల్లరి చేస్తున్న పిల్లలతో ‘ఇక చాలు’. క్రియ ముందు హావ్ వేరు, వెనక హావ్ వేరు. “హావ్ ఛి” అంటే వంటని మెచ్చుకోవడం, “ఛి హావ్” అంటే భోజనం ముగించడం. ఈ ఒక్క జంట పట్టుబడితే చాలా చిక్కులు విడిపోతాయి.

‘బాగు’కి మనం దీర్ఘం తగిలిస్తే ‘బాగా’. “బాగా చలి”, “బాగా ఎక్కువ” అంటాం, అందులో మంచితనం ఏముంది? అర్థం ‘చాలా’ అయిపోయింది. “హావ్ లంగ్!”, అబ్బ, బాగా చలి! “హావ్ త్వో”, బాగా ఎక్కువ, బోలెడు. “హావ్ చ్యో పు చ్యెన్”, చూసి చాలా రోజులైంది. ఈ ‘చ్యో’లో చ, ‘చిన్న’లోని చ, ఇందాకటి ‘చాలు’లోది కాదు. రెండు రకాల చ పలికే నోళ్ళం కాబట్టి మనకి ఇబ్బంది లేదు.

అదే అక్షరం, నాలుగో స్వరం

రూపం మారదు, స్వరం మాత్రం “పో!” అన్నట్టు కిందికి పడుతుంది. అప్పుడు అర్థం ‘ఇష్టపడడం, ఆ గుణం ఉండడం’. “ఆయ్ హావ్” అంటే హాబీ. “హావ్ ఛీ”, కుతూహలం. “హావ్ ఖ”, అతిథుల్ని ఆదరించే గుణం.

చిక్కు ఎక్కడంటే, కాగితం మీద రెండూ ఒకటే. హావ్ పక్కన ‘శ్యుయె’, అంటే నేర్చుకోవడం, ఉందనుకోండి. మూడో స్వరంలో చదివితే ‘నేర్చుకోవడం తేలిక’, నాలుగో స్వరంలో ‘చదువంటే ఇష్టం’. హావ్ పక్కన ‘ఛి’ కూడా అంతే. మూడైతే రుచి, నాలుగైతే తిండియావ. తిండి మీద యావ, పని అంటే బద్ధకం ఉన్నవాణ్ణి తిట్టడానికి వాళ్ళకి నాలుగక్షరాల జాతీయం ఒకటుంది, “హావ్ ఛి లాన్ ౘ్వో”. మన “తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు”. ఇక్కడ హావ్‌ని మూడో స్వరంలో అన్నారో, తిట్టు కాస్తా సగం పొగడ్త అవుతుంది. ఏ స్వరమో తేల్చేది చుట్టూ ఉన్న వాక్యమే. మొదట్లో నాలుగో స్వరం మాటలు పైన చెప్పిన నాలుగైదు బట్టీపెట్టేయండి, మిగతాచోట్ల మూడోది అనుకుంటే దాదాపు తప్పు పోదు.

ఫోన్‌లో

చైనీస్ కీబోర్డు పెట్టుకుని రోమన్ అక్షరాల్లో హెచ్, ఏ, ఓ కొడితే వరుసగా అక్షరాలు వస్తాయి, సాధారణంగా మనది మొదట్లోనే ఉంటుంది. 1958లో ఆమోదించిన ఆ రోమన్ పద్ధతిని పిన్‌యిన్ అంటారు. స్వరం కొట్టక్కర్లేదు, అందుకే ఫోన్‌లో టైప్ చేసేవాళ్ళకి స్వరాలూ గీతలూ రెండూ మర్చిపోయే జబ్బు పట్టుకుంటుంది. దానికి మందు కూడా ఫోన్‌లోనే ఉంది. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో చైనీస్ పెట్టి వేలితో రాసే పద్ధతి ఎంచుకోండి. వేగంగా రాసి చూడండి. మీ గీతల్ని అది ‘బాగు’ అని గుర్తుపడితే మీరు పాస్. ‘స్త్రీ’, ‘బిడ్డ’ అని రెండుగా విడగొడితే సందు ఎక్కువైందన్నమాట. మొహమాటం లేని పరీక్షాధికారి.

కాగితపు నిఘంటువులో వెతకాలంటే స్త్రీ భాగం కింద చూడాలి. ఆ భాగం పోను మిగిలిన గీతలు మూడు, కాబట్టి ‘మూడు గీతలు’ అన్న వరుసలో దొరుకుతుంది.

వారం రోజుల సాధన

బడిలో తప్పు చేస్తే వందసార్లు ఇంపోజిషన్ రాయించేవారు కదా, ఆ పద్ధతి ఇక్కడ పనికిరాదు. ఇరవయ్యోసారి దాటాక చేయి రాస్తుంటుంది, మనసు సీరియల్ చూస్తుంటుంది. నేను చేసింది ఇది: మొదటిరోజు స్త్రీ భాగం మాత్రం పదిసార్లు, రెండోరోజు బిడ్డ భాగం పదిసార్లు, మూడోరోజు రెండూ కలిపి. నాలుగోరోజు నుంచి ఏమీ చూడకుండా పొద్దున ఐదు, రాత్రి ఐదు. ప్రతిదానికీ స్వరంతో పైకి అనాలి. రోజు చివర పదింటిలో బాగా వచ్చిన ఒక్కదాని చుట్టూ సున్నా చుట్టి, అదెందుకు బాగా వచ్చిందో పక్కన నాలుగు మాటలు రాసుకోవాలి. “సందు సరిపోయింది”, “గాలిపటం కనిపించింది”, అలా.

వారం చివర ఈ సంభాషణ. చాలా రోజులకి కలిసిన ఇద్దరు స్నేహితులు:

— నీ హావ్! హావ్ చ్యో పు చ్యెన్! (చూసి ఎన్ని రోజులైంది!)
— నీ హావ్ మా? (బాగున్నావా?)
— హన్ హావ్. చిన్ థియెన్ హావ్ లంగ్! (బాగున్నా. ఇవాళ బాగా చలిరా!)
— వో మన్ ఛ్యు ఛి మియెన్ థియావ్, హావ్ పు హావ్? (నూడుల్స్ తిందాం పద, సరేనా?)
— హావ్ ఆ! (ఓ, పద!)

గిన్నెలు వచ్చాక:

— హావ్ ఛి మా? (బాగుందా?)
— హావ్ ఛి! (బాగుంది!)

ఇంకాసేపటికి:

— ఛి హావ్ ల మా? (తినడం అయిందా?)
— ఛి హావ్ ల. (అయింది.)

ఇందులో హావ్ పన్నెండుసార్లు వచ్చింది, అన్నీ మూడో స్వరమే. పైకి చదువుతూ, హావ్ వచ్చిన ప్రతిచోటా ఆగి గడిలో ఒకటి రాయండి. సంధి వల్ల హావ్ పైకి లేవాల్సిన చోట్లు ఇందులో రెండున్నాయి, ‘చ్యో’ ముందు ఒకటి, ‘లంగ్’ ముందు ఒకటి. అక్కడ నోరు పొరపాటు పడితే ఆ వాక్యం దగ్గరే మళ్ళీ మొదలుపెట్టండి.